నటన నేర్పే కాలేజీకి వెళ్ళిన రోజు

నరసరావుపేట బరంపేటలో ఆ రోజు కుళాయి ఏడింటికి వచ్చింది. సుకన్య బిందె పెట్టి, అది నిండేలోగా కూతురి ఫోను ఛార్జింగ్ నుంచి తీసి పక్కన పెట్టబోయింది. సరిగ్గా అప్పుడే ఫోను వెలిగి, తెర మీద ఇంగ్లీషులో రెండు వరుసలు కనిపించాయి. ఒకసారి చదివి అర్థం కాలేదనుకుంది. రెండోసారి చదివింది. బిందె నిండి నీళ్ళు పొర్లి కాళ్ళ మీదికి వస్తున్నా ఆమె కదల్లేదు.

"ఏమే వెన్నెలా! ఇట్టా రా ఒకసారి!"

వెన్నెల తల దువ్వుకుంటూ వచ్చింది. తల్లి చేతిలో ఫోను చూడగానే దువ్వెన ఆగిపోయింది.

"ఏందే ఇది? నటనలో నాలుగేళ్ళ డిగ్రీ అంట. నువ్వు సెలెక్ట్ అయ్యావంట. ఎవరు రాయమన్నారే నిన్ను?"

"నేనే రాశానమ్మా. చెబుదామనే అనుకున్నా."

"ఎప్పుడు? చేరింతర్వాతా?"

"వస్తదో రాదో తెలియకుండా ఏం చెప్పను? వీడియో పంపమన్నారు, పంపా. తర్వాత ఫోన్లో మాట్లాడారు. సాబిరా వాళ్ళింట్లో కూర్చుని మాట్లాడా."

"ఎంసెట్ లెక్కలు చేసుకుంటున్నాం అంటే నమ్మాను గదే! ఆ పిల్ల కూడా నీకు తోడా?"

వెన్నెలకు ఇంటర్‌లో మంచి మార్కులొచ్చాయి. ఇంజినీరింగ్ ర్యాంకూ బాగానే వచ్చింది. ఇంకో వారంలో కాలేజీలు ఎంచుకోవాలి. కంప్యూటర్స్ తప్ప ఇంకోటి చదవాల్సిన అవసరం లేదని సుకన్య గురజాలలో ఉన్న తమ్ముడితో, వీధిలో వాళ్ళతో, చివరికి పాలు పోసే ఆమెతో కూడా చెప్పేసి ఉంది.

వసారాలో ఇడ్లీ తింటున్న వెంకటకృష్ణ చెయ్యి కడుక్కుని లోపలికి వచ్చాడు. ఆయన చిలకలూరిపేటలో ఒక జిన్నింగ్ మిల్లుకి పత్తి చూసే మనిషి. రైతులు తెచ్చిన పత్తిని చేత్తో పట్టి, రెండు బొటనవేళ్ళ మధ్య పోగు లాగి, అది ఏ రకమో చెబుతాడు. ఇరవై రెండేళ్ళుగా అదే పని. గోనె బోరెం పైన తెల్లటి పత్తి పరిచి, లోపల పురుగు తిన్న గుడ్డికాయ పత్తి కూరేవాళ్ళని ఎంతమందిని చూశాడో. అందుకే ఆయన పైపైన చూడడు. మోచేతి దాకా చెయ్యి లోపలికి పోనిచ్చి, నడిమధ్య నుంచి గుప్పెడు తీస్తాడు. ఆయన చెప్పిన మాటకి ఇటు యజమానీ అటు రైతూ ఎదురు చెప్పరు.

ఫోను తీసుకుని నిదానంగా మొత్తం చదివాడు.

"విజయవాడ అవతలంట. శుక్రవారం తల్లిదండ్రులు వచ్చి చూసుకోవచ్చని ఉంది."

"చూసేదేముంది? వద్దని రాయండి," అంది సుకన్య.

"చూడకుండా నేను దేన్నీ కాదనలేదు సుకన్యా. చూసొచ్చి చెబుతా."

"పత్తి చూసినట్టు చూస్తారా ఆడపిల్ల బతుకుని? సినిమావాళ్ళ గడప తొక్కటానికి డిగ్రీ ఒకటి! మనుషుల్ని వెక్కిరించటం నేర్పే చదువు. ఇదేమన్నా కొత్తా? మాట పడిపోయిన ముసలాయన్ని అద్దంలో చూసుకుంటా వెక్కిరించింది. ఆరోజు మీరు చెంప పగలగొట్టినా బుద్ధి రాలా."

ఇంట్లో ఎవరూ ఎత్తని మాట అది.

"నేను వెక్కిరించలా," అంది వెన్నెల నెమ్మదిగా.

"మరేం చేశావే?"

వెన్నెల తండ్రి వైపు చూసింది. చెప్పటానికి నోరు తెరిచింది. ఆయన ముఖం చూసి, మళ్ళీ మూసుకుని గదిలోకి వెళ్ళిపోయింది.

* * *

ముసలాయన అంటే వెంకటకృష్ణ తండ్రి కృష్ణయ్య. క్రోసూరు దగ్గర పల్లెలో నాలుగెకరాల చేను ఆయనది. ఆ చేలో ఒక దిగుడు బావి ఉండేది. పెళ్ళయిన కొత్తలో ఆయనా, భార్యా కలిసి తవ్వుకున్న బావి. బోర్లు వచ్చాక అది ఎండిపోయింది. ఎవరిదో దూడ అందులో పడి చనిపోయిందని, వెంకటకృష్ణ ప్రొక్లెయినర్ పిలిపించి ఒక పూటలో పూడిపించేశాడు. కృష్ణయ్య అడ్డు చెప్పలేదు. గట్టు మీద నిలబడి, చివరి మట్టి పడేదాకా చూసి, ఇంటికి నడిచి వచ్చాడు. ఆ తర్వాత మూడు నెలలకి ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు, నోరు కుడిపక్క పడిపోయాయి. మాట పోయింది.

నరసరావుపేటలో కొడుకు ఇంటి వసారాలో మంచం మీద రెండేళ్ళు బతికాడు. సుకన్య నోట్లో ముద్ద పెట్టింది, ఒళ్ళు తుడిచింది. ఆయన నోటి నుంచి వచ్చేది ఒకటే మాట. రోజూ సాయంత్రం కొడుకు బండి దిగి గేటు తీస్తుంటే, ఎడమ చెయ్యి పైకెత్తి, "వా... వీ..." అనేవాడు.

బావి. వెంకటకృష్ణకి అది స్పష్టంగా వినిపించేది. బావి ఎందుకు పూడ్చావురా అని.

"ఎండిపోయింది గదా నాన్నా. దూడ పడింది గదా," అని మొదట్లో సర్దిచెప్పేవాడు. ముసలాయన తల అడ్డంగా ఊపి, మళ్ళీ అదే మాట. కొన్నాళ్ళకి వెంకటకృష్ణ తల వంచుకుని లోపలికి పోవటం మొదలుపెట్టాడు. చివరి నాలుగు నెలలు అదీ చేయలేకపోయాడు. బండిని వెనక సందులోంచి తిప్పి, పెరటి తలుపు నుంచి ఇంట్లోకి వచ్చేవాడు. తండ్రి పోయి ఏడాది దాటినా, చేనికి వెళితే ఆ పూడ్చిన చోటు వైపు నడవడు.

ఆ రోజుల్లోనే ఒకసారి వెన్నెల బీరువా అద్దం ముందు నిలబడి ఉంది. నోరు కుడిపక్కకి జారిపోయి ఉంది. కుడి చెయ్యి వేలాడుతోంది. "వా... వీ..." అంటోంది. గదిలోకి వచ్చిన వెంకటకృష్ణ చెయ్యి ఆలోచించకుండానే లేచింది. వెన్నెల ఏడవలేదు. ఏమీ చెప్పలేదు కూడా. అప్పట్నుంచీ తండ్రితో అవసరానికి మించి మాట్లాడటం మానేసింది.

* * *

శుక్రవారం తెల్లవారి మొదటి బస్సుకి తండ్రీ కూతుళ్ళు బయలుదేరారు. సుకన్య టిఫిన్ కట్టి ఇచ్చింది గానీ గుమ్మం దాకా రాలేదు. వెంకటకృష్ణ చొక్కా జేబులో మడిచిన కాగితం ఉంది. అందులో అడగాల్సినవి రాసుకున్నాడు. గుంటూరు దాటేదాకా ఇద్దరూ కిటికీలోంచే చూస్తూ కూర్చున్నారు.

"నాన్నా, నువ్వు వద్దంటే ఇంజినీరింగే చేరతా," అంది వెన్నెల ఉన్నట్టుండి.

"చూడనీ," అన్నాడాయన.

పదింటికి రమ్మంటే తొమ్మిదికే చేరుకున్నారు. గేటు దగ్గరే పెద్ద పెద్ద బొమ్మలు, నవ్వుతున్న విద్యార్థులు, గెలిచిన కప్పులు. వెంకటకృష్ణ వాటివైపు చూడలేదు. ముందు వాచ్‌మన్ దగ్గరికి వెళ్ళి, ఆడపిల్లల హాస్టల్ గేటు ఎన్నింటికి మూస్తారో, ఎవరెవరు వచ్చిపోతారో అడిగాడు. తర్వాత క్యాంటీన్‌లో టీ తాగుతూ, పక్క బల్ల దగ్గరున్న ఇద్దరమ్మాయిల్ని, "మీ మేడమ్ ఎట్టాంటిది అమ్మా, నిజం చెప్పండి," అని అడిగాడు. వెన్నెల సిగ్గుతో చచ్చిపోయింది.

"నిద్రపోనివ్వదు బాబాయ్ గారూ," అందొక అమ్మాయి. "పొద్దున ఆరింటికే క్లాసు. ఏడ్చినా వదలదు. కానీ మా మీద ఎవరైనా చెయ్యేస్తే మాత్రం పులి."

ఆ మేడమ్ పేరు మెహ్జబీన్. యాభై అయిదేళ్ళుంటాయి. కళ్ళజోడు తాడుకి కట్టి మెడలో వేసుకుని ఉంది. నరసరావుపేట అనగానే, "మాది మాచర్లేనండీ," అని నవ్వింది. వెంకటకృష్ణ నవ్వలేదు. కాగితం తీశాడు.

"ఇది చదివితే ఏం ఉద్యోగం వస్తదండీ?"

"ఖాయంగా వస్తదని చెప్పే ఉద్యోగం ఏదీ లేదండీ."

"ఆరేళ్ళ కింద ఎంతమంది చేరారు?"

"పద్నాలుగు మంది. తొమ్మిదిమంది పూర్తి చేశారు."

"ఆ తొమ్మిదిమందీ ఇప్పుడు ఏం చేస్తున్నారు?"

మెహ్జబీన్ దాచలేదు. ఇద్దరికి సినిమాల్లో చిన్న వేషాలు వస్తున్నాయి. ముగ్గురు స్కూళ్ళలో పిల్లలకి నాటకం నేర్పుతున్నారు. ఒకమ్మాయి డబ్బింగ్ చెబుతోంది. ఇద్దరు కలిసి సొంతంగా నాటకాలు ఆడుతున్నారు, ఇంకా నిలదొక్కుకోలేదు. ఒకతను బ్యాంకు పరీక్ష రాసి క్లర్కు అయ్యాడు.

"మానేసిన అయిదుగురిలో ఒకళ్ళ నంబరు ఇస్తారా?"

ఆమె కళ్ళజోడు పెట్టుకుని ఆయన్ని పరీక్షగా చూసింది. "పదిహేనేళ్ళుగా ఇక్కడున్నాను. ఈ మాట అడిగిన మొదటి తండ్రి మీరే," అని, ఆ అబ్బాయికి ఫోన్ చేసి, అడిగి, నంబరు ఇచ్చింది.

ఆ అబ్బాయి పేరు శరత్. అచ్చంపేటలో సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు పెట్టుకున్నాడు. వెంకటకృష్ణ వరండాలోకి వెళ్ళి మాట్లాడాడు.

"ఎందుకు మానేశావు నాయనా? మోసం చేశారా?"

"మోసమా? లేదు బాబాయ్ గారూ. నాకే ఓపిక లేదు. డాన్సులు, ఫైటింగులు నేర్పుతారని చేరాను. వాళ్ళేమో ఏడాదంతా నిలబడటం, నడవటం, ఊపిరి పీల్చటం నేర్పారు. పారిపోయి వచ్చా." కొంచెం ఆగి, మళ్ళీ అన్నాడు. "కానీ ఒక మాట చెబుతా. ఇప్పుడు నా కొట్టుకి ఎవరొచ్చినా, ఆ మనిషి నోరు తెరవకముందే ఏ బాధలో ఉన్నాడో తెలుస్తది నాకు. అది అక్కడిదే."

వెంకటకృష్ణ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. అడగాల్సినవన్నీ అయిపోయాయి. వాళ్ళు అబద్ధాలు చెప్పటం లేదని తెలిసింది. అయినా మనసులో, ఇంత కష్టపడి నేర్చుకునేదేముంది దీన్లో అనే ఉంది. ఇంటికి వెళ్ళి సుకన్యతో వద్దులే అని చెప్పటానికే సిద్ధపడ్డాడు.

"క్లాసు జరుగుతుంటే చూడొచ్చా?" అని అడిగాడు మెహ్జబీన్‌ని. "మాకోసం ప్రత్యేకంగా చేసేది కాదు. రోజూ జరిగేది."

"రండి. చెప్పులు బయట విడవండి."

* * *

పెద్ద ఖాళీ హాలు. కింద చెక్క నేల. కుర్చీలు నాలుగైదు తప్ప ఇంకేమీ లేవు. గోడవారగా పాతిక మంది పిల్లలు బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. కొత్తగా ఎంపికైన వాళ్ళు, వాళ్ళతో వచ్చిన పెద్దవాళ్ళు ఇటు పక్క కూర్చున్నారు.

మూడో ఏడు చదివే బెంజిమిన్ అనే కుర్రాడు లేచాడు. ఎత్తూ లావూ ఉన్న మనిషి. హాలు మధ్యలో ఒంగి, మంచం మీద నిద్రపోతున్న పసిబిడ్డని ఎత్తుకున్నాడు. అక్కడ మంచం లేదు, బిడ్డ లేదు. ఒక అరచెయ్యి తల కింద, ఒకటి నడుము కింద పెట్టి, ఎక్కడ లేస్తాడోనని ఊపిరి బిగబట్టి, భుజం మీదికి చేర్చుకున్నాడు. బిడ్డ కదిలాడు. బెంజిమిన్ ఆగిపోయాడు. మళ్ళీ సర్దుకున్నాడు. అడుగులో అడుగు వేసుకుంటూ వెంకటకృష్ణ ముందునుంచి తలుపు వైపు నడిచాడు.

అతను వెళ్ళిపోయాక గానీ వెంకటకృష్ణకి తెలియలేదు, దారికి అడ్డమొస్తాయని తను కాళ్ళు లోపలికి ముడుచుకున్నాడని. పక్కనున్న పెద్దాయన దగ్గొచ్చి నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. లేని బిడ్డ లేస్తాడని హాలు హాలంతా భయపడింది. వెంకటకృష్ణ జీవితంలో చేతికి తగలనిదాన్ని ఎప్పుడూ నమ్మలేదు.

"కొత్తవాళ్ళు రండి," అంది మెహ్జబీన్. "మీకు బాగా తెలిసిన ఒక మనిషిని తీసుకురండి. ఎగతాళి వద్దు. బయట నుంచి కాకుండా ఆ మనిషి లోపలి నుంచి చూడండి. చాలు."

ఒకబ్బాయి వాళ్ళ డ్రిల్లు మాస్టార్ని చేశాడు. అందరూ నవ్వారు. తర్వాత వెన్నెల లేచింది.

ఆమె ఒక కుర్చీ లాక్కుని కూర్చుంది. ఏమీ చేయకుండా కాసేపు అలాగే ఉంది. తర్వాత కుడి భుజం మెల్లగా దిగింది. కుడి చెయ్యి తనది కానట్టు ఒళ్ళో పడింది. నోరు జారింది.

వెంకటకృష్ణకి రక్తం తలకెక్కింది. ఇంతమందిలోనా? లేవబోయాడు. లేవలేకపోయాడు. ఎందుకంటే ఆ కుర్చీలో అప్పటికే వెన్నెల లేదు. పద్దెనిమిదేళ్ళ పిల్ల మెడలో డెబ్బై ఎనిమిదేళ్ళ మెడ నరాలు కనిపించాయి. చూపు ఎదర గేటు మీద ఉంది. పొద్దు గుంకుతోందని ఎవరూ చెప్పకుండానే తెలిసింది.

ముసలాయన వింటున్నాడు. వీధిలో ఏదో బండి పోయింది. అది కాదు. ఇంకోటి పోయింది. అదీ కాదు. తర్వాత సందు మలుపులో ఏదో వినిపించింది. ముఖంలో బతికున్న సగం ఒక్కసారిగా వెలిగింది. ఒళ్ళంతా లేవాలని చూసింది, కుడిపక్క లేవనివ్వలేదు. కళ్ళు నిండుగా నవ్వాయి.

ఆ ముఖాన్ని వెంకటకృష్ణ ఎప్పుడూ చూడలేదు. ఎలా చూస్తాడు? ఆ బండి మీద ఉన్నది తనే. తను గేటు దగ్గర తల వంచుకుని దిగేసరికి, ఆ వెలుగు అయిపోయి మాట కోసం పెనుగులాట మొదలయ్యేది. బండి చప్పుడు వినగానే తండ్రి ముఖం ఎలా ఉండేదో, ఆ మంచం పట్టె మీద కూర్చుని చదువుకునే ఈ పిల్లకి మాత్రమే తెలుసు.

ఎడమ చెయ్యి లేచింది. ఇన్నాళ్ళూ ఆ చెయ్యి ఊరి వైపు, బావి వైపు చూపిస్తోందనుకున్నాడు. అది దేన్నీ చూపించటం లేదు. వేళ్ళు కిందికి వంగి, తనవైపు లాక్కుంటున్నాయి. రా, రా అంటున్నాయి.

"వా... వీ...ఈ..." అంది వెన్నెల.

పెదవులు కలవటం లేదు. కలవాలని చూస్తున్నాయి. కలిస్తేనే పలికే అక్షరం కోసం రెండుసార్లు ప్రయత్నించి, రెండుసార్లూ గాలి వదిలేశాయి. చివర మాత్రం సాగింది, చేను ఈ గట్టు నుంచి ఆ గట్టుకి వినపడేలా.

వెంకటకృష్ణ ముందుకి వంగాడు.

అంతటితో అయిపోలేదు. మళ్ళీ సాయంత్రమైంది. మళ్ళీ బండి చప్పుడు, మళ్ళీ ముఖంలో వెలుగు, చెయ్యి లేచింది. కానీ ఈసారి చప్పుడు గేటు దగ్గర ఆగలేదు. ముసలాయన తల మెల్లగా తిరిగింది. ఆ చప్పుడు వెంటే, ఇంటి పక్క సందు వెంట, వెనక్కి, ఇంకా వెనక్కి, పెరటి దాకా. ఎత్తిన చెయ్యి అలాగే ఉంది. లోపల తలుపు గడియ తీసిన చప్పుడు. చెయ్యి నిదానంగా దిగి, పడిపోయిన చెయ్యి మీద వాలింది. ముఖంలో కోపం లేదు. వచ్చాడులే, ఇల్లు చేరాడులే అన్న నెమ్మది మాత్రం ఉంది.

వెంకటకృష్ణ లేచి నిలబడ్డాడు.

"బాబీ," అన్నాడు. ఆయన గొంతు ఆయనే గుర్తుపట్టేలా లేదు. "అది బావి కాదమ్మా. బాబీ. నన్నే. నన్నే పిలిచాడు."

హాలులో ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. వెన్నెల కుర్చీలోంచి తండ్రివైపు చూసింది. ఆమె ముఖం ఇంకా పూర్తిగా తనదైపోలేదు.

"నీకు ఆ పేరుందా నాన్నా?"

"చిన్నప్పుడు. మా అమ్మా నాన్నా పిలిచేవాళ్ళు. అన్నం వేళకి చేను అవతలి గట్టు నుంచి చెయ్యెత్తి ఇట్టాగే... సత్తెనపల్లి హాస్టల్లో చేరాక పిల్లలు నవ్వుతున్నారని, ఇంకెప్పుడూ అట్టా పిలవబాకయ్యా అన్నాను. అప్పుడు నాకు పదేళ్ళు. మళ్ళీ పిలవలా ఆయన. నలభై ఏళ్ళు పిలవలా."

ఆయన చుట్టూ ఉన్నవాళ్ళని మర్చిపోయి, చెక్క నేల మీద కూర్చుని, రెండు చేతుల్లో ముఖం దాచుకుని ఏడ్చాడు. బెంజిమిన్ చప్పుడు చేయకుండా మంచినీళ్ళు తెచ్చి పక్కన పెట్టాడు.

కాసేపటికి మెహ్జబీన్ వెన్నెలని అడిగింది. "ఆ పేరు నీకు తెలియదా?"

"తెలియదు మేడమ్. తాతయ్య ఏమంటున్నాడో అర్థం కాక, ఆయన నోరు ఎట్టా ఉందో నా నోరు అట్టా పెట్టుకుని చూశాను. అట్టా పెడితే ప, బ, మ ఏదీ పలకదు. అన్నీ 'వ' అయిపోతాయి. పైగా చివర్లో సాగదీసేవాడు. వస్తువు పేరైతే అంత సాగదీయం గదా. ఎవరినో పిలుస్తున్నాడని తెలిసింది. ఎవరినో తెలియలేదు. అద్దం ముందు అదే చూస్తా ఉన్నా ఆరోజు..."

మిగతాది ఆమె చెప్పలేదు. వెంకటకృష్ణకి చెప్పాల్సిన పనీ లేదు.

ఆయన కళ్ళు తుడుచుకుని మెహ్జబీన్ వైపు తిరిగాడు. "ఇది నేర్పుతారా మేడమ్ మీరు?"

"లేదండీ. ఇది ఆ అమ్మాయి తెచ్చుకున్నది. మేం నేర్పలేం," అందామె. "ఇంత బరువు మోసేటప్పుడు తను విరిగిపోకుండా ఎట్లా మోయాలో, అయిపోయాక ఎట్లా దించాలో, అది నేర్పుతాం. మొదటి ఏడాదంతా నిలబడటం, నడవటం, ఊపిరి పీల్చటం నేర్పేది అందుకే."

* * *

బయట మెట్ల మీద కూర్చుని సుకన్య కట్టిచ్చిన పులిహోర పొట్లం విప్పారు. ఎవరూ తినలేదు.

"ఆరోజు కొట్టాను," అన్నాడు వెంకటకృష్ణ. "ఏం చేస్తున్నావమ్మా అని ఒక్కమాట అడగలా. తప్పు చేశాను తల్లీ."

వెన్నెల అప్పటిదాకా ఆపుకున్నదంతా ఒక్కసారి బయటికి వచ్చింది. "నేను ఆరోజే చెప్పాల్సింది నాన్నా. కోపం వచ్చి చెప్పలా. చెప్పుంటే తాత ఉండగానే నీకు తెలిసేది. ఒక్కసారన్నా పలికేవాడివి."

"నువ్వు చెప్పేటట్టు నేనుంటే గదా!" ఆయన కూతురి తల భుజానికి ఆనించుకున్నాడు. "నీ వయసెంత అప్పటికి? ఆ మాట ఇంకెప్పుడూ అనుకోబాకు. ఆయన కోపంతో పోయాడనుకుని ఏడాదిగా తిండి సయించటం లేదు నాకు. నన్ను పిలుస్తా పోయాడు. అది చాలు. నువ్వు చెప్పబట్టే గదా తెలిసింది."

* * *

ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టే వేళైంది. సుకన్య వసారాలోనే ఎదురుచూస్తూ ఉంది. ఇద్దరి కళ్ళూ చూసి కంగారు పడింది గానీ, పైకి మాత్రం గట్టిగానే అడిగింది.

"చూశారా? ఏమంటారు? ఉద్యోగాలు వస్తయ్యంటనా?"

"రావచ్చు, రాకపోవచ్చు. పద్నాలుగు మంది చేరితే అయిదుగురు మానేశారు. ఉన్నవాళ్ళలో సగం మందికి ఇంకా దారి దొరకలా. పొద్దున ఆరింటికే క్లాసు. చానా కష్టం."

"మరింకేం? వద్దన్నట్టేగా?"

"చేర్పిద్దాం సుకన్యా."

సుకన్య గొంతు పెరిగింది. "ఏం చూసి? ఏం చూసి చేర్పించమంటున్నారు? ఇన్నేళ్ళూ పది మందికి పత్తి చూసి మాట చెప్పినాయన, సొంత కూతురి దగ్గరికొచ్చేసరికి కళ్ళు మూసుకున్నారా? నలుగురూ నా ముఖాన ఏమంటారో తెలుసా? మా తమ్ముడికి ఏం చెప్పను? నేనొక్కదాన్నే చెడ్డదాన్నా ఈ ఇంట్లో?"

"కూర్చో. చెబుతా."

ఆమె కూర్చోలేదు. స్తంభానికి ఆనుకుని నిలబడింది. వెంకటకృష్ణ చెప్పటం మొదలుపెట్టాడు. బెంజిమిన్ ఎత్తుకున్న బిడ్డ గురించి చెప్పాడు. కుర్చీలో కూర్చున్న ముసలాయన గురించి చెప్పాడు. బండి చప్పుడు, ఎత్తిన చెయ్యి, పెరటి వైపు తిరిగిన తల. చివరికి ఆ పేరు కూడా చెప్పాడు. వెన్నెల గుమ్మంలో నిలబడి నేల చూస్తోంది.

సుకన్య స్తంభాన్ని పట్టుకుని మెల్లగా కిందికి జారి కూర్చుంది.

"బాబీ," అంది తనలో తను. "రెండేళ్ళు నోట్లో ముద్ద పెట్టిన మనిషిని. వావీ అంటే నీళ్ళేమోనని గ్లాసు పెట్టేదాన్ని. ఒక్కోసారి విసుక్కున్నాను కూడా. ఊరికే అరవబాకు మామయ్యా అన్నాను."

"నీకెట్టా తెలుస్తది? నాకే తెలియలా."

"దానికి తెలిసింది గదా."

వీధిలో పిల్లలు ఆట ముగించి ఇళ్ళకి పోతున్నారు. సుకన్య కొంగుతో ముఖం తుడుచుకుంది. మళ్ళీ తుడుచుకుంది. అడగాలా వద్దా అన్నట్టు కాసేపు భర్త వైపు చూసి, చివరికి అడిగింది.

"రేపెప్పుడన్నా నాకూ అట్టా మాట పడిపోతే... నేనేం అంటున్నానో దీనికి తెలుస్తదా?"

"తెలుస్తది," అన్నాడు వెంకటకృష్ణ.

"అయితే నేర్చుకోనియ్యండి."

అని లేచి, గుమ్మంలో నిలబడిన కూతురి దగ్గరికి వెళ్ళింది. వెన్నెల ఏదో చెప్పబోయింది. సుకన్య వద్దన్నట్టు తల ఊపి, ఆ ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. పద్దెనిమిదేళ్ళుగా రోజూ చూస్తున్న ముఖమే. అయినా పురిటి మంచం మీద మొదటిసారి చూసినప్పటిలా, ఇది నా కడుపునే పుట్టిందా అన్నట్టు, చాలాసేపు చూస్తూ ఉండిపోయింది.